వద్దనుకున్న ఫెర్రెట్‌ను చేరదీసి మంచి ఇంటికి చేర్చడం ఎలా?

ఫెర్రెట్ అంటే ముంగిసలా సన్నగా పొడవుగా ఉండే, ఇళ్ళలో పెంచుకునే చిన్న జంతువు. దాన్ని వదిలించుకోవాలనుకునేవారు చెప్పే కారణాలు సాధారణంగా అయిదారుకు మించవు. వాసన వస్తోందంటారు, కరుస్తోందంటారు, ఇంట్లో పసిబిడ్డ ఉందంటారు, ఇల్లు మారుతున్నామంటారు, వైద్యానికి అయ్యే ఖర్చు భరించలేకపోతున్నామంటారు. పెంచుకోవాలన్న ముచ్చట తీరిపోయిందన్న కారణం కూడా ఉంటుంది గానీ, దాన్ని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. ఈ పనిలోకి కొత్తగా దిగేవారు ఆ జంతువును ఇంటికి తెచ్చుకోవడమే పెద్ద పని అనుకుంటారు. నిజానికి అది ఒక్క గంటలో అయిపోతుంది. మీ చేతికి వచ్చిన ఫెర్రెట్ మరొకరి చేతికి వెళ్ళేలోగా దాని ఆరోగ్యం, అలవాట్లు, భయాలు అన్నీ తెలుసుకుని, వాటిలో ఏదీ దాచకుండా తీసుకునేవారి ముందు పెట్టడమే అసలు శ్రమ. నా దగ్గరకు వచ్చినవాటిలో చాలావరకు మొదటి ఇంటివారికి ముందే చెప్పవలసిన మాట ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చినవే.

తెచ్చుకునే ముందు

మొదట మీరుండే చోట ఫెర్రెట్‌ను ఉంచుకోవడానికి చట్టం అనుమతిస్తుందో లేదో సంబంధిత కార్యాలయంలో కనుక్కోండి. అమెరికాలోని కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాలలోనూ, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లోనూ వీటిని పెంచుకోవడం నిషిద్ధం. కుందేళ్ళను అదుపు చేయడానికని 19వ శతాబ్దంలో న్యూజిలాండ్‌కు తీసుకెళ్ళి వదిలిన ఫెర్రెట్లు అక్కడి నేల మీద తిరిగే పక్షులకు ప్రాణాంతకంగా మారాయి. అక్కడ 2002 నుంచి వీటి అమ్మకం, పంపిణీ, సంతానోత్పత్తి నిషేధంలో ఉన్నాయి. అనుమతి అవసరమైన చోట అది లేకుండా చేరదీస్తే, మీరు కాపాడాలనుకున్న ప్రాణాన్ని అధికారులు స్వాధీనం చేసుకునే పరిస్థితి రావచ్చు.

తర్వాత పశువైద్యుల సంగతి చూడండి. కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే ప్రతి ఒక్కరికీ ఫెర్రెట్ గురించి తెలియదు. కాబట్టి వీటిని చూసిన అనుభవం ఉన్నవారు ఎవరో, ఎంత దూరంలో ఉన్నారో, రాత్రివేళ అవసరం పడితే ఎక్కడికి వెళ్ళాలో కాగితం మీద రాసి పెట్టుకున్నాకే మొదటి ఫెర్రెట్‌కు సరేననండి.

ఒక గది, లేదా తలుపు వేసుకోగల ఒక మూల, దానికి విడిగా కేటాయించండి. పంజరం ఊచల మధ్య సందు రెండున్నర సెంటీమీటర్లకు మించకూడదు. తల దూరితే ఒళ్ళంతా దూరుతుంది. ఆడవి మరీ సన్నగా ఉంటాయి. లోపల పడుకోవడానికి గుడ్డ ఊయల, బరువైన నీటి గిన్నె, ఒక మూల మలవిసర్జనకు పళ్ళెం ఉంటే చాలు. పళ్ళెంలో కాగితపు గుళికలు వేయండి. దేవదారు, పైన్ చెక్క పొట్టుగానీ, తడి తగిలితే ముద్దకట్టే మట్టిగానీ వద్దు. గదిలో రబ్బరు చెప్పులు, స్పాంజి, రిమోట్ మీటల వంటివి నేల మీద కనబడకుండా తీసేయండి. ఫెర్రెట్ రబ్బరును చూస్తే ఆగలేదు, మింగిన ముక్క పేగుకు అడ్డుపడితే శస్త్రచికిత్స తప్ప దారి ఉండదు. ఇక వేడి సంగతి: వీటికి చెమట ద్వారా ఒంటిని చల్లబరచుకునే శక్తి దాదాపు లేదు. గది 27 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూడాలి. అంతకు మించిన ఎండ రోజుల్లో గదిని చల్లబరిచే ఏర్పాటు మీకు లేకపోతే, ఈ పని మీకు తగదని నిర్మొహమాటంగా చెబుతున్నాను.

అప్పగించేవారితో మాట్లాడటం

వదిలేస్తున్నారన్న కోపం మీ గొంతులో వినిపించకూడదు. మందలిస్తే వారు నిజం దాచేస్తారు, లేదా ఫోన్ పెట్టేసి ఫెర్రెట్‌ను ఏ పొలంలోనో వదిలేస్తారు. మనుషుల మధ్య పుట్టి పెరిగిన ఫెర్రెట్‌కు బయట ఆహారం వెతుక్కోవడం చేతకాదు. చాలావరకు కొద్ది రోజులకే ఆకలికో, దాహానికో, కుక్కలకో బలైపోతుంది. అందువల్ల ఎంత చిరాకు కలిగినా మంచిమాటలతోనే విషయం రాబట్టండి.

వయసెంత, ఎక్కడ కొన్నారు, ఇప్పటికి ఎన్ని ఇళ్ళు మారింది, ఏ టీకాలు ఎప్పుడు వేయించారు, ఏం తింటోంది, ఏం తిననంటోంది, ఎవరిని కరిచింది, ఆ సమయంలో ఏం జరుగుతోంది అన్నవి అడగండి. "కరుస్తుందా?" అని అడిగితే "లేదు" అనే జవాబే వస్తుంది. "చివరిసారి ఎప్పుడు కరిచింది, ఎవరి చేయి, ఎంత లోతు దిగింది?" అని అడిగితే కథంతా బయటికి వస్తుంది. దానితో కలిసి పెరిగిన తోడు ఉందేమో తప్పకుండా కనుక్కోండి. ఒకదానికొకటి అలవాటైన జంటను విడదీస్తే, మిగిలినది తిండి మానేసి కృశించిపోవడం అరుదేమీ కాదు. తీసుకుంటే రెండింటినీ తీసుకోండి.

వైద్య పత్రాలు, ఇప్పుడు తింటున్న ఆహారం వారం పది రోజులకు సరిపడా, అది పడుకునే గుడ్డ ఇమ్మని అడగండి. గుడ్డను ఉతకవద్దని చెప్పండి, దానికి తన వాసన కావాలి. యాజమాన్యాన్ని మీకు బదిలీ చేస్తున్నట్టు తేదీతో సంతకం తీసుకోవడం మరవకండి. నెల తర్వాత మనసు మార్చుకుని వచ్చేవారు ఉంటారు. వీధిలో దొరికినదైతే మీరు యజమాని కారని గుర్తుంచుకుని, మైక్రోచిప్ (యజమాని వివరాలు తెలిపేలా చర్మం కింద అమర్చే చిన్న గుర్తింపు చిప్) ఉందేమో పశువైద్యుని దగ్గర చూపించి, పోయిన జంతువుల సమాచారం తీసుకునే స్థానిక కేంద్రానికి తెలియజేసి, చట్టం చెప్పిన గడువు వరకు ఆగండి.

మొదటి రోజు

తెచ్చిన వెంటనే స్నానం చేయించాలన్న కోరికను అణచుకోండి. స్నానంతో చర్మంలోని నూనె పోయి, దాన్ని భర్తీ చేయడానికి గ్రంథులు మరింత నూనె వదలడం వల్ల రెండు మూడు రోజుల్లో వాసన ఎక్కువవుతుంది. వాసన గురించి ఫిర్యాదు చేసేవారిలో చాలామంది వారం వారం స్నానం చేయించేవారే. పక్క గుడ్డలు తరచూ ఉతికితే వాసన చాలావరకు తగ్గుతుంది.

నీళ్ళు, ఆహారం పెట్టి, చీకటిగా ఉన్న పడక చూపించి వదిలేయండి. అది రోజుకు 14 నుంచి 18 గంటలు నిద్రపోతుంది. ఆ నిద్రను మొదటిసారి చూసినవారు హడలిపోతారు: చేతుల్లోకి తీసుకుంటే తడి గుడ్డలా వేలాడుతుంది, పిలిస్తే కదలదు, కళ్ళు తెరవదు. ఒళ్ళు వెచ్చగా ఉండి, పొట్ట నిదానంగా ఎగసిపడుతుంటే, కాసేపు ఒడిలో పెట్టుకుని నిమరండి. అర నిమిషమో నిమిషమో గడిచాక ఆవులించి లేస్తుంది. అలా లేవకుండా చూపు గాజు కళ్ళలా నిలిచిపోయి, నోట చొంగ కారుతుంటే అది నిద్ర కాదు, రక్తంలో చక్కెర పడిపోవడం కావచ్చు. చిగుళ్ళ మీద కొద్దిగా తేనె పూయండి, గొంతులో పోయకండి, వెంటనే వైద్యుని దగ్గరకు బయలుదేరండి.

రెండు వారాల ఏకాంతం

మీ ఇంట్లో ఇదివరకే ఫెర్రెట్లు ఉంటే కొత్తదాన్ని కనీసం 14 రోజులు వేరే గదిలో ఉంచాలి. దీని గిన్నెలు, గుడ్డలు, పళ్ళెం వాటికి తగలకూడదు. రోజూ ముందు మీ పాతవాటి పనులు ముగించి, ఆ తర్వాతే కొత్తదాని గదిలోకి వెళ్ళండి. బయటికి వచ్చాక చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోండి. ఇదంతా అతి అనిపించవచ్చు. కానీ కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు, టీకా వేయించని ఫెర్రెట్‌కు సోకితే అది దాదాపుగా బతకదు. ఆ జబ్బు బయటపడటానికి వారం పది రోజులు పడుతుంది. కళ్ళ నుంచి ముక్కు నుంచి కారడం, గడ్డం కింద ఎర్రటి పొక్కులు, పాదాల అడుగు గట్టిపడటం దాని గుర్తులు. ఆకుపచ్చని జిగట విరేచనాలు కలిగించే మరో అంటువ్యాధి ఉంది. దాన్ని మోసుకొచ్చిన పిల్ల ఆరోగ్యంగానే కనబడుతుంది, అది సోకిన మీ ముసలి ఫెర్రెట్ మంచం పడుతుంది.

రోగం మీ నుంచి దానికీ వెళ్ళవచ్చు. మనుషులకు వచ్చే ఫ్లూ ఫెర్రెట్లకు సులభంగా అంటుకుంటుంది. 1933లో లండన్‌లో మానవ ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను తొలిసారి వేరుచేసిన పరిశోధకులు రోగుల గొంతు కడిగిన నీటిని ఫెర్రెట్ల ముక్కులో వేసే ఆ పని సాధించారు. మీకు జలుబు, జ్వరం ఉన్న రోజుల్లో దాని బాగోగులు ఇంట్లో మరొకరికి అప్పగించండి, లేదా ముక్కు, నోరు కప్పుకుని వెళ్ళండి. మన ఇంటి మందులపెట్టెలోని పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ మాత్రం వాటికి విషం.

వైద్య పరీక్ష

మొదటి మూడు రోజుల్లోనే వైద్యునికి చూపించండి. మగదో ఆడదో అప్పగించినవారి మాట నమ్మకండి. మగదానికి మూత్రద్వారం బొడ్డులా పొట్ట మధ్యన ఉంటుంది, ఆడదానికి తోక కింద మలద్వారానికి దగ్గరగా ఉంటుంది. ఆడదానికి పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స అయిందో లేదో తేల్చుకోవడం ప్రాణంతో ముడిపడిన విషయం. ఎదకు వచ్చిన ఆడ ఫెర్రెట్ మగదానితో కలవకపోతే ఆ ఎద తనంతట తాను తగ్గదు. వారాల తరబడి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను హెచ్చుగా ఉండిపోయి ఎముక మజ్జ దెబ్బతిని, రక్తం తయారవడం ఆగి చనిపోతుంది. తోక కింది భాగం ఉబ్బి ఉంటే అది ఎద కావచ్చు, ముందే శస్త్రచికిత్స అయినదైతే మూత్రపిండాల దగ్గర ఉండే అడ్రినల్ గ్రంథి వ్యాధి కావచ్చు. రెండింటికీ ఆలస్యం పనికిరాదు.

అడ్రినల్ వ్యాధి మూడేళ్ళు దాటినవాటిలో తరచుగా కనిపిస్తుంది. వెంట్రుకలు తోక దగ్గర మొదలై నడుము మీదుగా రెండు వైపులా సమానంగా రాలుతాయి, దురద ఉంటుంది. మగవాటిలో ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి మూత్రం ఆగిపోతుంది, అది అత్యవసర స్థితి. చర్మం కింద అమర్చే హార్మోను ఇంప్లాంట్‌తో చాలావాటికి నెలల తరబడి ఉపశమనం దొరుకుతుంది. క్లోమంలో వచ్చి, ఇన్సులిన్‌ను అతిగా వదిలి రక్తంలో చక్కెరను పడగొట్టే ఇన్సులినోమా గడ్డ రెండో పెద్ద సమస్య. వెనుక కాళ్ళు తూలడం, నోటిని పంజాతో గోకుకోవడం దాని తొలి గుర్తులు. మరో మాట: "ముసలిదైపోయింది, నిద్రపోతూనే ఉంటుంది" అని అప్పగించినవాటిలో కొన్ని నిజానికి ముసలివి కావు, ఈ గడ్డతో నీరసించినవి.

చెవుల్లో ముదురు గోధుమరంగు గులిమి పేరుకుని దుర్వాసన వస్తుంటే పురుగులున్నాయేమో చూడమనండి. పళ్ళు, గోళ్ళు, బరువు రాయించండి. ఎదిగిన ఆడది కిలోకు అటూ ఇటూ, మగది రెండు కిలోల వరకు తూగుతుంది. డిస్టెంపర్, రేబిస్ టీకాలు ఒకే రోజు వేయించకుండా వేరువేరు రోజుల్లో వేయించుకోవడం మంచిది. టీకా పడక కొన్నింటికి వాంతులు, వాపు, ఊపిరాడకపోవడం వంటివి వెంటనే మొదలవుతాయి కాబట్టి, వేయించాక అరగంట అక్కడే కూర్చోండి.

తిండి

ఫెర్రెట్ పూర్తి మాంసాహారి. తిన్నది మూడు నాలుగు గంటల్లోనే బయటికి వచ్చేంత పొట్టి పేగు దానిది. పండ్లు, కూరగాయలు, పాలు, తీపి పదార్థాలు, కుక్క ఆహారం పెట్టకూడదు. ఫెర్రెట్ ఆహారం దొరకకపోతే మాంసం ఎక్కువగా ఉన్న పిల్లికూనల ఆహారం తాత్కాలికంగా పనికొస్తుంది. గిన్నె ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు. చిన్నప్పుడు తిన్నదే తిండి అని అది స్థిరపడిపోతుంది కాబట్టి, మార్చాలనుకుంటే పాతదానిలో కొద్దికొద్దిగా కొత్తది కలుపుతూ పది రోజులు తీసుకోండి.

కరిచే అలవాటు

వాటి చర్మం మందం. ఒకదాన్నొకటి కొరికి ఆడుకుంటే వాటికి నొప్పి తెలియదు. మన చర్మం అలాంటిది కాదని ఎవరూ నేర్పకపోతే దానికెలా తెలుస్తుంది? కరిచినప్పుడు కొట్టకండి, ముక్కు మీద చిటిక వేయకండి, చేయి విసురుగా లాక్కోకండి. లాగితే గాయం పెద్దదవుతుంది, ఆట రంజుగా మారుతుంది. మెడ వెనుక వదులు చర్మాన్ని గుప్పిట పట్టి ఎత్తితే అది ఆవులించి మెత్తబడుతుంది; రెండో చేత్తో వెనుక భాగానికి ఆసరా ఇవ్వండి. తర్వాత బొమ్మలేవీ లేని ఖాళీ పెట్టెలో రెండు మూడు నిమిషాలు ఉంచి తీయండి. పంజరాన్ని శిక్షకు వాడకండి, అది దాని ఇల్లు.

అయితే ముందుగా ఎందుకు కరుస్తోందో చూడాలి. నా దగ్గరకు తల మొత్తం తెల్లగా ఉన్న ఒక మగది వచ్చింది. అప్పటికి మూడు ఇళ్ళు మారింది. దానితో వచ్చిన కాగితం మీద "మొండిది, హెచ్చరిక లేకుండా కరుస్తుంది" అని రాసి ఉంది. అయిదో రోజున గిన్నె మారుస్తుండగా నా చేతిలోని స్టీలు పళ్ళెం జారి దాని వెనుక గచ్చు మీద పడింది. పక్క గదిలోనివారు కూడా ఉలిక్కిపడ్డారు గానీ, ఇది నీళ్ళు తాగుతూ చెవి కూడా కదపలేదు. అది చెవిటిది! తల తెల్లగా ఉన్నవాటిలో, నుదుటి నుంచి మెడ దాకా తెల్ల చార ఉన్నవాటిలో పుట్టు చెవుడు ఎక్కువ. వెనుక నుంచి వచ్చి ఎత్తుకున్న ప్రతి చేయీ దానికి దాడిలాగే తోచి ఉంటుంది. ఆనాటి నుంచి దగ్గరకు వెళ్ళే ముందు నేల మీద కాలితో రెండుసార్లు తట్టి, ముక్కు ముందు చేయి ఉంచి, అది వాసన చూశాకే ముట్టుకోవడం మొదలుపెట్టాను. మూడు వారాలకు కరవడం మానేసింది. దాని కాగితం మీద పాత వాక్యం కొట్టేసి, ఈ సంగతి రాసి పంపాను.

ఆటకు మాత్రం భయపడకండి. నోరు తెరిచి, వీపు విల్లులా వంచి, పక్కకు గెంతుతూ గోడలకు గుద్దుకుంటుంటే అది సంతోషం. "డుక్ డుక్" అని లోగొంతుతో అనే శబ్దం కూడా అదే. బుసకొట్టడం, తోక సీసా కడిగే కుంచెలా ఉబ్బడం అయితే కాసేపు వదిలేయండి. రోజుకు నాలుగు గంటలైనా పంజరం బయట తిరగనిస్తే, ఆకతాయిదన్న పేరుతో వచ్చిన ఫెర్రెట్ సగం దారికొస్తుంది.

ఇల్లు వెతకడం

రెండు వారాల ఏకాంతం ముగిసి, వైద్యుడు సరేనన్నాక, ఇంకో రెండు మూడు వారాలు గమనించి అప్పుడే ప్రకటన ఇవ్వండి. అందులో వయసు, జబ్బు, కరిచే స్వభావం ఉన్నవి ఉన్నట్టు రాయండి. ఉచితమని రాయకండి. ఉచితంగా ఇస్తే పిల్లలు పెట్టించి అమ్ముకునేవారు, క్షణికమైన ఉత్సాహంతో అడిగేవారు ముందుగా వస్తారు. టీకా, శస్త్రచికిత్స ఖర్చులో కొంత భాగం అడిగితే నిజంగా కావలసినవారే నిలబడతారు.

వచ్చినవారిని ప్రశ్నించేటప్పుడు పరీక్ష పెడుతున్నట్టు కాక, మాటల్లో పెట్టి తెలుసుకోండి. ఇంట్లో కుందేళ్ళు, చిట్టెలుకలు, పక్షులు ఉన్నాయా? వాటికీ ఫెర్రెట్‌కూ పొసగదు. నెలల పసిబిడ్డ ఉంటే, ఆ బిడ్డ దగ్గర దీన్ని ఒక్క క్షణమైనా ఒంటరిగా వదలకూడదని వారికి తెలుసా? అద్దె ఇల్లైతే యజమాని ఒప్పుకున్నారా? ఊరెళ్ళినప్పుడు ఎవరు చూస్తారు? ఫెర్రెట్ వైద్యుడు ఎంత దూరం? ఇది ఆరు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుందని, చివరి రెండు మూడేళ్ళలో మందులు తప్పకపోవచ్చని చెప్పినప్పుడు వారి ముఖం చూడండి. ఈ మాట విని ఆలోచించుకుని వస్తామని వెళ్ళి, నిజంగానే తిరిగి వచ్చినవారిని నేను ఎక్కువగా నమ్ముతాను. కుదిరితే వారి ఇంటికి వెళ్ళి తలుపుల కింది సందులు, వంటగది అల్మారాల వెనుక ఖాళీలు, సోఫా అడుగు భాగం వారితో కలిసి చూడండి. వెనక్కి వాలే కుర్చీ (రిక్లైనర్) ఉంటే తీసేయమనండి; దాని మడతల్లో నలిగి చనిపోయే ఫెర్రెట్లు ఉన్నాయి.

వారికి ఇదివరకే ఫెర్రెట్ ఉంటే రెండింటికీ కొత్తగా ఉండే చోట పరిచయం చేయండి. మెడ పట్టి ఈడ్చుకోవడం, దొర్లడం మామూలే. ఒకటి ఆగకుండా కేకలు పెట్టినా, భయంతో మలం వదిలినా, రక్తం కనిపించినా విడదీసి మరో రోజు ప్రయత్నించండి.

బాగా ముసలివి, నయంకాని జబ్బుతో ఉన్నవి ఇల్లు మారడాన్ని తట్టుకోలేవు. వాటిని మీ దగ్గరే ఉంచుకోవడం మేలు. చోటు ఒక్కటే ఉండి, దాన్ని ఒక ముసలిది రెండేళ్ళు ఆక్రమించుకుంటే మీరు వేరేదాన్ని తీసుకోలేరు. అదీ లెక్కలో పెట్టుకునే మొదట్లో సరేననాలి.

అప్పగింత, ఆ తర్వాత

ఒప్పంద పత్రంలో కనీసం రెండు విషయాలుండాలి: ఏ కారణం చేత ఉంచుకోలేకపోయినా మీకే తిరిగి ఇవ్వాలి, పిల్లలు పెట్టించకూడదు. వైద్య పత్రాలు, వారానికి సరిపడా ఆహారం, అది పడుకున్న ఉతకని గుడ్డ ఒక సంచిలో పెట్టి ఇవ్వండి. మైక్రోచిప్ వివరాలు వారి పేరుకు ఆరోజే మార్పించండి. తర్వాత చేద్దామంటే ఎవరూ చేయరు. మూడో రోజున, రెండో వారంలో, మూడో నెలలో ఫోన్ చేయండి. "బాగుందా?" అని అడగకుండా, ఈరోజు ఏం తింది, మలం ఎలా ఉంది, ఎవరినైనా కరిచిందా అని అడగండి. తిరిగి తెస్తామంటే కారణం విని, విసుగు చూపకుండా తీసుకోండి.

అది వెళ్ళిన రోజునే గది మొత్తం సబ్బునీటితో కడిగి, పలుచన చేసిన బ్లీచ్‌తో తుడిచి పది నిమిషాలు ఆగి, మళ్ళీ నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. ఊయల గుడ్డలు వేడినీళ్ళలో ఉతకండి, కొరికిన బొమ్మలు పారేయండి. వాసన పూర్తిగా పోయి, నేల పొడిబారేదాకా తర్వాతి ఫోన్‌కు సరేననకండి.